ఫ్యూజు బతికింది, వైరు కాలింది

చాక్లెట్ ఇద్దరూ కలిసి తిన్నారు. దాని వెండి రేకు మాత్రం కోడలి ఒక్కదాని మెడకే చుట్టుకుంది. పోయిన వారం కథ అక్కడ ఆగింది.

పెళ్ళయి ఇంకా కొత్త వాసన పోని ఆ జంట, ఇంట్లో చెప్పాపెట్టకుండా మామగారి పాత మోటార్‌సైకిల్ తాళం తీసుకుని సాయంత్రం షికారుకి వెళ్ళారు. ఇంటిల్లిపాదీ 'ముసలోడు' అని పిలుచుకునే ఆ బండి వంతెన దాకా బుద్ధిగానే వెళ్ళింది. వంతెన దిగగానే లైటు, హారను, ఇంజను మూడూ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే ఆగిపోయాయి. మెకానిక్‌ని చూసొస్తానని మొగుడు వెళ్ళాడు. అతను వచ్చేలోగా కోడలు బండి పక్క మూత తీసి, మాడిపోయిన గాజు ఫ్యూజు మీద చాక్లెట్ రేకు చుట్టి మళ్ళీ పెట్టేసింది. ముసలోడు లేచి కూర్చున్నాడు. "ఏం మంత్రం వేశావ్?" అని మొగుడు అడిగితే, "వీపు మీద ఒక్కటిచ్చాను, లేచాడు" అంది. ఆ మాటకి అతను దారి పొడుగునా నవ్వాడు. వీధి మొదట్లో కాలిన వాసన వచ్చాక ఇద్దరూ నవ్వడం మానేసి బండి నెట్టుకుంటూ వచ్చారు. అత్తగారు గుమ్మంలోనే పట్టుకుంది. "ఎవర్నడిగి తీశార్రా దాన్ని?" అని ఎప్పుడూ లేనంత కోపంగా అరిచింది.

తెల్లవారాక, అందరూ లేవకముందే, కోడలు షెడ్డులోకి వెళ్ళి ఆ రేకు ఫ్యూజు పీకేసి, మామగారి పనిబల్ల మీది డబ్బాలోంచి మంచి ఫ్యూజు ఒకటి తీసి దాని స్థానంలో పెట్టేసింది. ఇక ఎవరికీ ఏమీ తెలియదు అనుకుంది.

అదే ఆమె చేసిన అసలు తప్పు.

మొగుడు పనికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు తల దువ్వుకుంటూ అద్దంలోంచి కన్నుకొట్టి, "మా నాన్నకి నీ మంత్రం నేర్పించు" అన్నాడు. వేరే రోజైతే ఆ కన్నుకొట్టడం సాయంత్రం దాకా సరిపోయేది ఆమెకి. కాఫీ నురగ పెదవి మీద మిగిలిపోయినా, ఆరేసిన చీర గాలికి ఉబ్బినా, ఈ మధ్య ప్రతిదానికీ ఆమెకి నవ్వొస్తోంది. ఈ రోజు మాత్రం నవ్వు రాలేదు. చేతులు తుడుచుకుని షెడ్డులోకి వెళ్ళింది.

ఇంటి ముందున్న రేకుల షెడ్డే మామగారి దుకాణం. ఆయన బళ్ళకి వైరింగ్ చేసే మేస్త్రి. గోడకి రంగురంగుల వైరు చుట్టలు మేకులకి వేలాడుతుంటాయి. ఎర్రది ఎర్ర మేకుకి, నల్లది నల్ల మేకుకి. ఎవరైనా మార్చి తగిలిస్తే ఆయనకి ఆ పూట అన్నం సయించదు. బల్ల మీద టంకం పెట్టే కర్ర, కత్తెర, పాత బ్రష్షులు, అన్నీ పెళ్ళిలో ఫోటోకి నిలబడ్డ చుట్టాల్లా పొడుగుని బట్టి వరసగా ఉంటాయి.

"రా అమ్మాయ్, సమయానికి వచ్చావు. దీపం పట్టుకో" అన్నారు మామగారు చిన్న పీట మీద కూర్చుని. దీపం అంటే టార్చి. "కొత్తలో మీ అత్తయ్యే పట్టుకునేది. వైర్లు మెలేసి చేతికిచ్చేది, నేను టంకం పెట్టేవాణ్ణి. తర్వాత్తర్వాత నా మొహం చూసి చూసి విసుగొచ్చి వంటింట్లోకి పారిపోయింది."

"పారిపోలేదు, తరిమేశారు" అంది అత్తగారు వంటింటి కిటికీలోంచి. "దీపం కాస్త పక్కకి జరిగితే చాలు, కరెంటు ఆఫీసువాళ్ళ మీద అరిచినట్టు అరిచేవారు."

"మీ అత్తయ్యకి చెవులు బాగానే పనిచేస్తున్నాయి" అన్నారు మామగారు గొంతు తగ్గించి.

"మీ కళ్ళకంటే బాగానే పనిచేస్తున్నాయి" అని సమాధానం వచ్చింది.

కోడలు టార్చి వెలిగించింది. ఆయన చిన్న బల్బుకి రెండు వైర్లు కట్టిన పరీక్ష దీపం తీశారు. ఒక కొస బ్యాటరీకి తగిలించి, రెండో కొస బండి ఇనుముకి ఆనించారు. బల్బు వెలిగింది. "బ్యాటరీ బతికే ఉంది." తర్వాత ఫ్యూజుకి ఇవతలి చివర. వెలిగింది. అవతలి చివర. అదీ వెలిగింది. మామగారి చెయ్యి అక్కడ ఆగిపోయింది.

ఫ్యూజుని జాగ్రత్తగా బయటికి తీసి వెలుతురుకి ఎత్తి చూశారు. గాజు గొట్టంలో సన్నటి తీగ నిక్షేపంగా, నిన్న పుట్టినట్టు ఉంది. నిన్న కాకపోయినా ఈ పొద్దున్నే పుట్టిందని కోడలికి తెలుసు. టార్చి వెలుగు ఫ్యూజు మీంచి పక్కకి జారింది.

"ఇటు పట్టు తల్లీ" అని, ఫ్యూజు దగ్గర మొదలై ట్యాంకు కిందికి వెళ్ళే వైరు చూపించారు. ఎర్రగా ఉండాల్సిన తొడుగు గోధుమరంగుకి తిరిగి, అక్కడక్కడ పొక్కి, పక్క వైరుకి కరిగి అతుక్కుపోయి ఉంది. "వైరేమో ఇలా కాలింది. ఫ్యూజేమో అలా ఉంది. ఇదెలా కుదురుతుంది?"

కోడలు టార్చిని రెండో చేతికి మార్చుకుంది.

"ఫ్యూజంటే కాపలావాడు. దొంగ వస్తే ముందు వాడు చావాలి, ఆ తర్వాతే ఇంటికి ఏదైనా జరగాలి. కాపలావాడు మీసం చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాడు, ఇల్లు తగలబడింది. అలాంటప్పుడు తప్పు కాపలావాడిదీ కాదు, దొంగదీ కాదు. వాణ్ణి ఎక్కడ నిలబెట్టాలో తెలియని యజమానిది."

"యజమానంటే..."

"ఇంకెవరు, నేనే. పెళ్ళికి ముందు ఈ బండి మొత్తం విప్పి వైరింగ్ వేసింది నేనేగా. కొత్తకోడలు ఎక్కే బండి, దారిలో ఆగితే పరువు పోతుందని పాత వైరు ఒక్క మూర కూడా ఉంచలేదు." ఆయన నవ్వడానికి ప్రయత్నించారు, కుదరలేదు. "ఫ్యూజుని దాటించి ఎక్కడో తీగ కలిపి ఉంటాను. లేకపోతే సన్నవైరు వేసి ఉంటాను. ఎక్కడ చేశానో కూడా గుర్తు రావట్లేదు చూడు. అది ఇంకా ఘోరం."

తేలు కుట్టిన దొంగకి కనీసం కుట్టిన చోటేదో తెలుస్తుంది. కోడలికి అదీ తెలియలేదు. రేకు తీసేస్తే తన తప్పు మాయమవుతుందని అనుకుంది. అది మాయం కాలేదు, లేచి వెళ్ళి మామగారి ఒళ్ళో కూర్చుంది.

ఆయన పరీక్ష దీపం పక్కన పెట్టేసి రెండు అరచేతులూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని చూసుకుంటున్నారు. ఎవరో అద్దెకిచ్చిన చేతుల్లా.

"వ్యాను సంగతి చూడాలి" అన్నారు.

"ఏ వ్యాను మామయ్యా?"

"స్కూలు వ్యాను. మన దగ్గరికొచ్చే డ్రైవరుది. పెళ్ళి పనుల మధ్య దానికీ వైరింగ్ వేశాను. అదే చేత్తో, అదే బుర్రతో. ఇక్కడ తప్పు చేసినవాణ్ణి అక్కడ చేయలేదని ఏమిటి నమ్మకం? రోజూ దాన్నిండా పిల్లలు కూర్చుంటారు." ఆయన లేచారు. "ఫోన్ చేసి చెప్పేస్తాను. వేరే ఎవరికైనా చూపించి మొత్తం పీకించి వేయించుకోమని. ఆపైన షెడ్డు తలుపు వేసేద్దాం. చేతులు చెప్పినప్పుడు వినాలి, లేకపోతే వేరేవాళ్ళు వచ్చి చెబుతారు."

కిటికీలోంచి ఏదో ఒక చమత్కారం వస్తుందని కోడలు ఎదురుచూసింది. రాలేదు. అత్తగారు మెల్లగా, "చేసేయండి. ఎప్పటికైనా ఆపాల్సిందేగా" అంది అంతే.

ఇక కోడలి వల్ల కాలేదు.

"మామయ్యా, ఫోన్ చెయ్యకండి. తప్పు మీ చేతిది కాదు. నాది."

ఆయన చిరునవ్వు నవ్వారు, చిన్నపిల్లలు ఏనుగుని ఎత్తుతామంటే నవ్వినట్టు. "నువ్వు దీపం పట్టుకున్నావు తల్లీ, అంతే."

"నిన్న దారిలో ఫ్యూజు పోయింది. నేను దానికి చాక్లెట్ రేకు చుట్టాను. మీ అబ్బాయికి కూడా తెలియదు. పొద్దున వచ్చి రేకు తీసేసి ఈ ఫ్యూజు పెట్టాను. ఈ డబ్బాలోంచే తీశాను." ఒక్క గుక్కలో చెప్పి టార్చి ఆర్పేసింది, మొహం కనపడకుండా. పట్టపగలు కాబట్టి దానివల్ల ఏమీ ఒరగలేదు.

మామగారు నెమ్మదిగా మళ్ళీ పీట మీద కూర్చున్నారు. డబ్బా వైపు చూశారు, ఫ్యూజు వైపు చూశారు, కోడలి వైపు చూశారు.

"ఎంత రేకు?"

"మొత్తం."

"మడత పెట్టా?"

"రెండు మడతలు పెట్టి, గట్టిగా చుట్టాను. లూజుగా ఉంటే బాగుండదని."

"పనితనం ఉంది" అన్నారు ఆయన. నవ్వుతారేమో అనుకుంది. నవ్వలేదు. "రేకు చుడితే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసు. తెలిసే చుట్టాను. ఇంటిదాకానే కదా అనుకున్నాను. మీ అబ్బాయి మొహం వేలాడేసుకుని వెళ్ళాడు, తిరిగొచ్చేసరికి బండి వెలుగుతూ ఉంటే చూడాలనిపించింది."

"ఆ మాటకి నేనేమీ అనలేను. నేనూ ఒకప్పుడు కొత్త పెళ్ళికొడుకునే." ఆయన గొంతు మారింది, పెద్దది కాలేదు, పొడిగా అయింది. "రోడ్డు మీద నువ్వు చేసింది తెలివితక్కువ పని. అది క్షమించేస్తాను. కానీ ఇందాకట్నుంచి నేను నా చేతుల్ని తిట్టుకుంటుంటే, పక్కన నిలబడి వాటి మీదికే దీపం వేశావు చూడు. అది మాత్రం కాసేపు ఉంటుంది తల్లీ నా దగ్గర."

ఆమె తల ఊపింది. కోప్పడితే బాగుండేది. కోపానికైతే ఏడుపు జవాబుంది.

"సరే, ముక్కు తుడుచుకో. పని సగంలో ఉంది."

"ఇంకా ఏముంది మామయ్యా? కారణం తెలిసిపోయిందిగా. మీ వైరింగ్‌లో తప్పేమీ లేదు."

"వైరు ఎందుకు కాలిందో తెలిసింది. రేకు వల్ల. మరి నువ్వు రేకు చుట్టకముందు ఫ్యూజు పోయిందన్నావే, అదెందుకు పోయింది?" ఆయన పానా తీసుకున్నారు. "కాపలావాడు సరదాకి చావడు. ఎక్కడో వైరు బండి ఇనుముకి తగిలింది. కుదుపుకి తగులుతోంది, కుదుపుకి వదులుతోంది. ఎక్కడో చూడకుండా నా చేతుల్లో తప్పు లేదని నువ్వన్న మాట తీసుకోలేను."

ఆ సంగతి కోడలికి తట్టనే లేదు. రేకుతో మొదలైన కథ రేకుతో అయిపోతుందనుకుంది. ఇప్పుడు ఆమెకి ఒక్కటే ఆశ, ఆ తగిలే చోటు ఏదైనా సరే, అది ఈయన చేసినది కాకూడదు. బండి పాతదై ఒరుసుకుపోయి ఉండాలి, ఎలుక కొరికి ఉండాలి, ఏదైనా కావాలి.

పెట్రోలు గొట్టం ఊడదీసి, బోల్టులు విప్పి, ఇద్దరూ కలిసి ట్యాంకు ఎత్తారు. "చంటిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకో, తల కిందికి వాలనీయకు" అన్నారాయన. ముసలోడి ట్యాంకుని ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో టార్చి మళ్ళీ వెలిగించింది. ఈసారి వెలుగు కదలలేదు.

ట్యాంకు కింద, ఇనుప గొట్టం వెంట వైర్ల కట్ట పరుచుకుని ఉంది. కాలిన వైరు వెంట మామగారి చూపుడువేలు మెల్లగా జరిగింది. ఒక చోట ఆగింది.

అక్కడ ఎవరో వైరుని కత్తిరించి మళ్ళీ కలిపారు. టంకం లేదు. ఉత్త చేత్తో మెలేసి, పైన పల్చగా టేపు చుట్టారు. టేపు ఊడి, రాగి తీగ బయటికొచ్చి, పక్కనే ఇనుము మీద చిన్న నల్లటి మచ్చ పడింది.

"టంకం పెట్టడం మర్చిపోయానా నేను?" అన్నారు మామగారు, తనలో తనే.

కోడలు వంగి చూసింది. పక్కనే ఆయన వేసిన మిగతా అతుకులు చూసింది. అన్నీ వెండి చుక్కల్లా మెరుస్తున్నాయి. ఇదొక్కటే ఎర్రగా, పచ్చిగా ఉంది. ఇంకో తేడా కూడా ఉంది. కుడిచేత్తో వైర్లు మెలేస్తే మెలిక కుడివైపుకి తిరుగుతుంది. ఇది ఎడమవైపుకి తిరిగి ఉంది. కుడిచేతివాటం మనిషి అలా తిప్పాలంటే పనిగట్టుకుని తిప్పాలి.

ఈ ఇంట్లో గరిట దగ్గర్నుంచి సూది దాకా ఎడమచేత్తో పట్టుకునే మనిషి ఒక్కరే ఉన్నారు.

ఆమె తలెత్తేసరికి మామగారు కూడా ఆ మెలికనే చూస్తున్నారు. బొటనవేలితో దాన్ని మెత్తగా నిమిరారు, ఎప్పుడో పోగొట్టుకున్న వస్తువు దొరికితే చూసుకున్నట్టు. ఇలాంటి మెలికలు ఆయన చేతికి ఎన్ని అందాయో, ఎన్నిటికి టంకం పెట్టారో. ఆ చెయ్యి ఎవరిదో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నాదే" అన్నారు.

"మామయ్యా, ఇది మీరు..."

"నాదే అన్నానుగా. టంకం మర్చిపోయాను. వయసు."

"మెలిక అటు తిరిగి ఉంది."

"తిరిగితే తిరిగింది." టార్చి మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. "పొద్దున్నుంచి నువ్వొకటి దాచావు. ఇప్పుడు నాకొకటి దాచుకోనీ. లెక్క సరిపోయింది."

సరిపోలేదు. దాచిన మాట ఎటు వెళ్ళి ఎవరి మీద కూర్చుంటుందో ఇందాకే చూసిందామె. చూస్తూ చూస్తూ ఈయన మళ్ళీ అదే నేరాన్ని ఇష్టంగా నెత్తికెత్తుకుంటున్నారు. అత్తయ్య ఇలా ఎందుకు చేసింది? బండి ఇలా ఉందని తెలిసే కదా, నిన్న గుమ్మంలో అంతలా అరిచింది. కోపం అనుకుంది తను. అది భయం.

ఒళ్ళో ట్యాంకు ఉంది కాబట్టి కోడలు లేవలేకపోయింది. మామగారు గుడ్డతో చేతులు తుడుచుకుని, బల్ల మీది ఫోన్‌లో పేరు నొక్కి, నూనె అంటకుండా స్పీకరు పెట్టారు.

"చెప్పండి మేస్త్రీ" అన్నాడు స్కూలు వ్యాను డ్రైవరు. వెనకాల హారన్లు వినిపిస్తున్నాయి.

"బండి పక్కకి ఆపుకో, ఒక మాట చెప్పాలి."

"ఆపే ఉంది, చెప్పండి."

"నీ వ్యాను ఇంకెవరికైనా చూపించు. నేను వేసిన వైరింగ్ మొత్తం తీయించెయ్. నా చేతి మీద నాకు నమ్మకం పోయింది. ఇవాళ్టితో పని ఆపేస్తున్నాను."

గుమ్మంలో చప్పుడైంది. టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని అత్తగారు నిలబడి ఉంది. ఆమె కళ్ళు ముందు కోడలి ఒళ్ళోని ట్యాంకు మీద పడ్డాయి, తర్వాత తెరుచుకుని ఉన్న వైర్ల మీద, ఆ తర్వాత ఫోన్ మీద. "పెట్టేయండి" అంది. "ఏమండీ, ముందు ఆ ఫోన్ పెట్టేయండి."

డ్రైవరుకి ఆ మాట వినపడలేదు. బరువు దించుకున్న మనిషిలా గట్టిగా ఊపిరి వదిలాడు.

"అక్కయ్య చెప్పేసిందా మేస్త్రీ? మీకు తెలియనివ్వనని నా చేత ఒట్టు కూడా వేయించుకుంది. పోనీలెండి, ఒక రకంగా మంచిదే, నేనూ మీ మొహం చూడలేక చచ్చిపోతున్నాను. ఆ రోజు వ్యానులో పొగ వచ్చేసరికి పిల్లలందరూ దిగిపోయి ఉన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. మీరది మనసులో పెట్టుకోవద్దు."

వ్యానులో పొగ సంగతి చెప్పలేక, ఆయనంతట ఆయనే పని మానాలని అత్తయ్య ముసలోడి వైరు కోసిందని కోడలికి ఇప్పుడు అర్థమైంది. ఫోన్‌లో అతను ఇంకా ఏదో ఓదార్పు చెబుతూనే ఉన్నాడు. మామగారు దాని వైపు చూడలేదు. ఇందాక ప్రేమగా అబద్ధం ఆడిన మొహం అలాగే ఉంది, దాని కింద మనిషి మాత్రం మారిపోయాడు.

"ఎప్పుడు?" అన్నారు ఆయన, గుమ్మం వైపు తిరిగి.